ఇస్త్రీ అంగీకి ఆరు నిమిషాలు

మా జగపతి సారుకు నిమిషాల పిచ్చి పట్టిన సంగతి ఎర్రచెర్లలో టీ కొట్టువాడికి కూడా తెలుసు. నెల్లికుదురు నుంచి మహబూబాబాద్ పోయే దారిలో, ముప్పై పడకల చిన్న సర్కారు దవాఖాన మాది. సారు దానికి పెద్ద డాక్టరు. ఎక్కడినుంచి తెప్పించాడో గానీ, ఎర్ర అంకెల గడియారం ఒకటి తెచ్చి అత్యవసర విభాగం గోడకు బిగించాడు. దాని మీట మాత్రం గేటు దగ్గర ఉంటుంది. గుండెనొప్పితో ఎవరైనా గేటు దాటగానే కాపలా ఉండే దేవేందర్ ఆ మీట నొక్కాలి. లోపల అంకెలు సున్నా నుంచి పరుగు మొదలుపెడతాయి. పది నిమిషాలు నిండేలోపు ఆ మనిషికి ఈసీజీ తీసి, కాగితం డాక్టరు చేతిలో పెట్టాలి.

నా పేరు షారోన్. ఆ విభాగానికి హెడ్ నర్సుని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు. నిజమే, ముక్కు మీద ఉండబట్టే అవసరానికి వెంటనే అందుతుంది.

ఆ గడియారం అంటే సారు కన్నా నాకే ఎక్కువ పిచ్చి. కారణం మా ఫ్రిజ్‌లో ఉంది. గుండె రక్తనాళంలో అడ్డం పడ్డ గడ్డను కరిగించే ఇంజెక్షన్ అది. చాలా ఖరీదైన మందు. ఇదివరకు దానికోసం వరంగల్ పోవాల్సిందే. ఈ ఏడాది మాలాంటి చిన్న దవాఖానలు కొన్నిటికి, చూద్దాం అన్నట్టు ఇచ్చారు. హైదరాబాద్ నుంచి ఒక బృందం వచ్చి మా పనిని కొలుస్తుంది. రోగిని వేళకు చూస్తున్నామా, చూసినప్పుడు సరిగ్గా చూస్తున్నామా అన్నది లెక్క. ఆ కొలతలో నెగ్గితే మందు మా దగ్గరే ఉంటుంది. లేకపోతే ఇంకో దవాఖానకు పోతుంది.

మా నాయిన డోర్నకల్‌లో రైల్వే గ్యాంగ్‌మన్. పట్టాల మీద పనిచేస్తూ చేస్తూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. వరంగల్ తీసుకుపోతుంటే మహబూబాబాద్ దాటాక అంబులెన్సులోనే పోయాడు. నేను అప్పుడు నర్సింగ్ చదువుతున్నాను. దారిలో ఎక్కడో ఒకచోట ఆ మందు ఉండి ఉంటే మా నాయిన బతికేవాడు. ఇప్పుడు అది ఆ దారిలోనే, నా చేతికి అందేంత దూరంలో ఉంది. దాన్ని ఎవడైనా ఎత్తుకుపోతానంటే నేను ఊరుకుంటానా!

కానీ మా జనంతో ఒక చిక్కుంది. వాళ్ళు చెప్పులతో లైను కడతారు.

యూరియా కోసం సొసైటీ ముందు నిలబడి నిలబడి మా వైపు రైతులు నేర్చుకున్న విద్య ఇది. తెల్లారేసరికి వచ్చి, చెప్పులు వరసలో విడిచి, ఎక్కడో నీడన కూర్చుంటారు. వాళ్ళ బదులు చెప్పులు నిలబడతాయి. దవాఖానకు వచ్చినా అదే పద్ధతి. చీటీ రాసే కిటికీ ముందు చెప్పుల బారు, మనుషులేమో సైకిళ్ళ షెడ్డు కింద. ఎవరి జత ఏదో అందరికీ తెలుసు. ఒకరి చెప్పులను ఇంకొకరు దాటిపోయిన పాపాన పోరు. ఆ నీతికి దండం పెట్టాల్సిందే. కాకపోతే ఏ జత మీద గుండెనొప్పి ఉందో, ఏ జత మీద ఒట్టి దగ్గు ఉందో నాకెలా తెలియాలి?

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మావాళ్ళు అడగనే అడగరు. ఒకసారి ఒక ముసలవ్వ రొమ్ము పట్టుకుని, పెదవులు నల్లబడి, షెడ్డులో మూలకు కూర్చుని ఉంది. 

"ముందే చెప్పద్దా అవ్వా? గిట్ల కూసుంటవా?" అని అరిచాను.

"నా కంటె ముందుగాల్ల పదకొండు జతలున్నయి బిడ్డా," అంది ఆ అవ్వ, తప్పు నాదే అన్నట్టు చూస్తూ.

అప్పటినుంచి తీరిక దొరికినప్పుడల్లా షెడ్డు దగ్గరికి పోయి, "ఎవరికన్న గుండెల నొస్తుందా? చెయ్యి గుంజుతుందా?" అని కేక పెట్టి వచ్చేదాన్ని. పని ఎక్కువైతే అదీ మరిచిపోయేదాన్ని. పైగా నా కేక విని ఎవరూ చెయ్యెత్తరు. నలుగురిలో నొప్పి అని చెప్పుకోవడం వాళ్ళకు సిగ్గు.

బృందం వచ్చే వారం రానే వచ్చింది. సారు నన్నూ దేవేందర్‌నూ తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి.

"భూపాలపల్లి దిక్కున్న నా దోస్తు ఫోన్ చేసిండు. ఆళ్ళ దవాఖానను పోయిన వారం కొలిచిన్రట. ఏం చేసిన్రో తెలుసా? నకిలీ పేషెంటును పంపిన్రు!"

"నకిలీ అంటే?" అన్నాను.

"ఆళ్ళ మనిషే. గుండెనొప్పి అని వచ్చి కూసుంటడు. మనం ఎంతసేపట్ల చూస్తమో లెక్క గడుతరు. మా దోస్తుగాడు కనిపెట్టలేకపాయె. మనిషేమో తెల్లంగీ, ఇస్త్రీ మడత గూడ పోలేదట. మొఖం మీద నీళ్ళు చల్లుకొని చెమట అన్నడట."

దేవేందర్ మీసం దువ్వాడు. వాడు పాతికేళ్ళవాడు, జీతం కన్నా ఆ యూనిఫాం అంటే ఎక్కువ ప్రేమ. "సారూ, తెల్లంగీ ఎవడేసుకొచ్చినా నా కన్ను తప్పిపోడు. మీరు పరేషాన్ గాకుర్రి," అన్నాడు.

నాకు ఒళ్ళంతా ఉత్సాహం పొంగుకొచ్చింది. పరీక్షలో ప్రశ్న ముందే తెలిసిపోయింది! తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడన్న సంగతి మా ముగ్గురిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

బృందం వచ్చే రోజు దవాఖాన పెళ్ళివారి ఇల్లులా ఉంది. ఫినాయిల్ వాసన రోడ్డు దాకా కొడుతోంది. మంచాల మీద కొత్త దుప్పట్లు. ఎప్పుడూ కిర్రుమనే చక్రాల కుర్చీకి దేవేందర్ కొబ్బరినూనె పోశాడు. పొద్దున్నే ఫైళ్ళు పట్టుకుని ఇద్దరు మగవాళ్ళు కారు దిగారు. మేము హైదరాబాద్ నుంచి అన్నారు. సారు వాళ్ళకు మందుల గది, ప్రసూతి గది చూపిస్తున్నాడు. నేను మాత్రం ఈసీజీ యంత్రం తీగలు విప్పి, సిద్ధంగా పెట్టుకుని, కిటికీలోంచి షెడ్డును గాలిస్తున్నాను.

అప్పుడు కనిపించాడు.

షెడ్డు చివర సిమెంటు బల్ల మీద, యాభై అయిదేళ్ళ మనిషి. తెల్లంగీ. భుజాల మీద ఇస్త్రీ మడతలు కత్తుల్లా నిలబడి ఉన్నాయి. ఛాతీ దగ్గర అంగీ తడిసి ముద్దయింది. ముఖం మీదినుంచి నీళ్ళు కారుతున్నాయి. పక్కన సగం ఖాళీ అయిన నీళ్ళ సీసా! సాక్ష్యం కూడా పక్కనే పెట్టుకు కూర్చున్నాడు. ఒక ఆడమనిషి కొంగుతో విసురుతోంది. ఓహో, ఈసారి భార్యను కూడా తోడు పంపించారన్నమాట, వీళ్ళు మామూలువాళ్ళు కాదు అనుకున్నాను.

దొరికాడు! నా గుండె ఎగిరి గంతేసింది. కిటికీలోంచి దేవేందర్‌కు కనుబొమ్మ ఎగరేశాను. వాడు చూశాడు, అర్థం చేసుకున్నాడు, మీట నొక్కాడు. గోడ మీద ఎర్ర అంకెలు కదిలాయి.

ఇక చూడాలి మా పరుగు. నేను మెట్లు దిగేసరికి దేవేందర్ చక్రాల కుర్చీతో బల్ల ముందు ఉన్నాడు. అదీ వంగి, నమస్కారం పెట్టి మరీ.

"బాపూ, ఏమైతుంది మీకు? గుండెల నొస్తుందా?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అంత తియ్యగా మా అత్తగారితో కూడా ఎప్పుడూ మాట్లాడలేదు.

"జర పట్టుకున్నట్టుందమ్మా," అన్నాడాయన. "ఏం లేదు. మా చెప్పులు లైన్ల ఉన్నయి. మా నంబరు వచ్చినంక..."

"నంబరు లేదు ఏం లేదు. మీరు కూసోండ్రి."

కుర్చీ కదిలింది. కొబ్బరినూనె పుణ్యమా అని కిర్రు కూడా అనలేదు. దేవేందర్ నా చెవి దగ్గరికి వచ్చి, "అక్కా, ఏం యాక్టింగే! దవడలు గూడ బిగవడుతున్నడు!" అన్నాడు. నేను వాడి చెయ్యి గిల్లాను. నాకూ నవ్వు ఆగడం లేదు.

మంచం మీద పడుకోబెట్టాం. పేరు అడిగితే మల్లేశం అన్నాడు. పక్కనున్న ఆవిడ సత్తమ్మ. మహబూబాబాద్ ఇవతల పల్లె వాళ్ళది. జఫర్‌గఢ్‌లో మేనల్లుడు ఎరువుల దుకాణం తెరుస్తున్నాడట, అక్కడికి బయలుదేరి బస్సులో ఉండగా ఎద పట్టేసిందట, అందుకని ఇక్కడ దిగారట. కథ ఎంత చక్కగా అల్లుకొచ్చారు! కొత్త అంగీకి కూడా కారణం ఉంది. నేను లోపల్లోపల మెచ్చుకున్నాను.

జగపతి సారు ఫైళ్ళ వాళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని వచ్చాడు. వచ్చీ రాగానే మల్లేశం చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మల్లేశం గారూ, నమస్తే. ఏం భయపడకండ్రి. మేమున్నం," అన్నాడు. మా సారు రోగిని గారూ అనడం ఆ దవాఖాన గోడలు మొదటిసారి విని ఉంటాయి.

నేను అంగీ గుండీలు విప్పి, ఛాతీ తుడిచి, తీగలు అతికిస్తున్నాను. ఒక నర్సు బీపీ చూస్తోంది. ఇంకో నర్సు దిండు సర్దుతోంది. సత్తమ్మ గోడకు ఆనుకుని మా అందరినీ మార్చి మార్చి చూస్తోంది. ఆవిడ ముఖంలో భర్త గురించిన భయం కన్నా ఇంకేదో భయం ఎక్కువగా ఉంది. చివరికి నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, మీరు ఎవలనో అనుకొని మాకు జేస్తున్నరు. మేం పెద్దోళ్ళం గాదు. మాకెవ్వలు తెల్వది. గీయినె ఒట్టి మల్లేశం, రెండెకరాల మిర్చి ఏస్తడు. అటెనుక తెలిసి మీరు కోపానికి వస్తరు. మేం బయట కూసుంటం, ఇడువుండ్రి."

దేవేందర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. నేను కూడా నవ్వుతూ యంత్రం మీట నొక్కాను.

కాగితం బయటికి రావడం మొదలైంది.

మొదటి గీత చూసి ఆగిపోయాను. రెండో గీత చూశాను. కొండలా లేచి, దిగకుండా అక్కడే నిలబడ్డ గీతలు. పుస్తకంలో గుండెపోటు బొమ్మ ఎలా ఉంటుందో అలాగే ఉన్నాయి. మనిషి చెమట నటించగలడు, మూలుగు నటించగలడు, పెళ్ళాన్ని కూడా నటింపజేయగలడు. ఈ గీతలు మాత్రం ఎవరూ నటించలేరు.

కాగితం చించి సారు చేతిలో పెట్టాను. గోడ మీద అంకెలు ఆరు నిమిషాలు చూపిస్తున్నాయి. సారు కాగితం చూశాడు, నన్ను చూశాడు. ఆయన పెదవుల మీది నవ్వు అక్కడే ఎండిపోయింది.

"షారోన్," అన్నాడు నెమ్మదిగా. "గిది అసలు."

  ఆ తరువాత మేము పరుగెత్తిన పరుగు ముందు, అంతకుముందు పరుగెత్తింది ఏపాటి! సారు కాగితం ఫోటో తీసి వరంగల్‌లో గుండె డాక్టరుకు పంపాడు. నేను మాత్రలు మింగించి, చేతికి సూది పెట్టి, అడగాల్సినవన్నీ అడిగాను. "ఈ మధ్య తలకు దెబ్బ తాకిందా? ఆపరేషన్ ఏమన్న అయ్యిందా? రక్తం పడ్డదా ఎక్కడన్న?" సత్తమ్మ అన్నిటికీ లేదని తల ఊపుతోంది. ఫోన్ మోగింది. అవతలినుంచి ఒకటే మాట, ఇవ్వండి అని.

ఫ్రిజ్ తలుపు తీసి, మందు తెచ్చి కలిపాను.  సూది ఎక్కిస్తుంటే నాయిన గుర్తొచ్చాడు. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, భుజానికి తుడుచుకున్నాను.

ఆ తరువాత ఎదురుచూపు. మల్లేశం కళ్ళు మూసుకుని ఉన్నాడు.  ఫైళ్ళ వాళ్ళిద్దరూ కూడా గోడకు అతుక్కుపోయి నిలబడ్డారు. మధ్యలో ఒకసారి గుండె లయ తప్పింది. సారు, నేను ఒకేసారి ముందుకు దూకాం. దానంతట అదే సర్దుకుంది. సత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. మళ్ళీ ఈసీజీ తీశాను, ఏమీ మారలేదు. ఇంకాసేపాగి ఇంకోటి తీశాను.

కొండ దిగుతోంది!

"సార్! చూడండ్రి సార్! దిగుతుంది!" దవాఖాన అదిరేలా అరిచాను. సారు కాగితం లాక్కుని, "దిగుతుంది, దిగుతుంది!" అని నాకంటే గట్టిగా అరిచాడు. దేవేందర్ ఎవరూ చెప్పకుండానే చప్పట్లు కొట్టాడు. మల్లేశం కళ్ళు తెరిచాడు.

"పట్టుకున్నది ఇడిచిందమ్మా," అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "నా చెప్పులు లైన్ల ఉన్నయి. ఎవలన్న చూడుండ్రి," అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. సత్తమ్మ మాత్రం ఏడుపు ఒక్కటే ఏడ్చింది.

మల్లేశాన్ని తరువాతి వైద్యం కోసం అంబులెన్సులో వరంగల్ పంపించాం. ఎక్కించే ముందు, చెప్పులు తెమ్మని దేవేందర్‌ను లైను దగ్గరికి పంపాను. వాడు, రెండోది సత్తమ్మది అనుకుని, రెండు జతలతో తిరిగొచ్చాడు. వెనకాలే ఒక ఆడమనిషి వచ్చింది. వెలిసిపోయిన చీర, చెదిరిన జుట్టు, ఉత్త కాళ్ళు. పొద్దుటినుంచి షెడ్డులో, మల్లేశం కూర్చున్న బల్ల పక్కనే నేల మీద కూర్చుని ఉంది. చూశాను. చూసి దాటిపోయాను.

"ఆ రెండో జత నాది," అందామె. తరువాత మెడలోంచి కార్డు పైకి తీసింది. "నా పేరు సౌందర్య. ఈ బృందానికి పెద్దను నేనే. ఎడమ చెయ్యి గుంజుతుందని పొద్దుటినుంచి మీ షెడ్డులో కూర్చున్న."

ఫైళ్ళ వాళ్ళిద్దరూ ఆమెకు కుర్చీ వేశారు. మా సారు మాత్రం ఉన్న కుర్చీలో కూలబడ్డాడు. నాకు కోపం అందింది. ముక్కు మీదే ఉంది కదా.

"చెయ్యి గుంజుతుందని చెప్పచ్చు గద మేడం? నోరు లేదా?" అన్నాను.

"మీ ఊరోళ్ళకు ఉందా?" అందామె.



ఆమె గోడ మీది గడియారం వైపు చూసింది. "చాలా మంచి గడియారం. కాని ఎవరన్న నొక్కితేనే కద నడిచేది. నన్ను చూసి ఎవరూ నొక్కలే. దాని లెక్క ప్రకారం నేను ఇయ్యాల ఈ దవాఖానకు రానే లేదు."

 ఆమె నా వైపు తిరిగింది. "ఆ పెద్దమనిషిని మాత్రం అంత తొందరగా ఎట్ల గుర్తుపట్టిన్రు సిస్టర్? నేను పక్కనే ఉండి చూసిన. ఆయన ఒక్క మాట అడగలే, చెయ్యెత్తలే. మీరే గద్దలెక్క వచ్చి ఎత్తుకపోయిన్రు."

దేవేందర్ పైకప్పు చూస్తున్నాడు. సారు కళ్ళద్దాలు తుడుస్తున్నాడు, అవి శుభ్రంగానే ఉన్నాయి. అనుభవం అనో, నాడి చూసి అనో, ఏదో ఒకటి చెప్పి గట్టెక్కవచ్చు. మందు ఫ్రిజ్‌లో ఇంకొకటి ఉంది. అది నా కళ్ళ ముందు ఆడింది. కానీ సత్తమ్మ నా చెయ్యి పట్టుకుని అన్న మాట ఇంకా చెవిలో ఉంది. మీరు ఎవలనో అనుకొని మాకు జేస్తున్నరు అంది. ఆ గదిలో నిజం తెలిసింది ఆవిడ ఒక్కదానికే.

"మీరు పంపిన మనిషి అనుకున్నం మేడం," అన్నాను. "తెల్లంగీ చూసి."

సౌందర్య నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. చాలాసేపు రాసుకుంది. లేచేటప్పుడు అంది: "ఆరు నిమిషాలకు పూర్తి మార్కులు వేసిన. మందు ఇచ్చిన తీరుకు కూడ పూర్తి మార్కులే. నన్ను చూడనందుకు మాత్రం సున్నా. మందు మూడు నెలలు ఇక్కడే ఉంటది. మేము మళ్ళ వస్తం, ఎప్పుడో చెప్పం. మీరు ఎంత జోరుగ ఉరుకుతరో చూసిన. ఎవరికోసం ఉరుకుతరో ఇంక చూడాలె."

అంబులెన్సు తిరిగొచ్చేసరికి చీకటి పడింది. మల్లేశం బాగున్నాడని వరంగల్ నుంచి ఫోన్ వచ్చింది. ఆ పూట మేము మిఠాయి పంచుకోలేదు గానీ, ముగ్గురం ఆ ఎర్ర గడియారం కింద చాలాసేపు కూర్చున్నాం. నాకు సంతోషంగా ఉంది, సిగ్గుగా కూడా ఉంది. రెండూ ఒకేసారి ఒకే మనిషిలో ఎలా పడతాయో అప్పుడే తెలిసింది.

అసలు దెబ్బ ఆ తరువాతి నెలలో తగిలింది.

సోమవారం పొద్దున్న డ్యూటీకి వచ్చేసరికి దేవేందర్ గేటు దగ్గర నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "అక్కా, షెడ్డు చూడు జర," అన్నాడు.

చూశాను. కిటికీ ముందు ఎప్పటిలాగే చెప్పుల బారు. షెడ్డు కింద మాత్రం తెల్లంగీలు! ఒక్కటి కాదు, రెండు కాదు, షెడ్డు నిండా. మగవాళ్ళంతా ఇస్త్రీ మడతలతో, మెడ దాకా గుండీలు పెట్టుకుని, కదిలితే నలుగుతుందేమో అన్నట్టు బిగుసుకు కూర్చున్నారు. ఒకాయనకు అరువు అంగీ చేతులు వేళ్ళు దాటి వేలాడుతున్నాయి. ఇద్దరు అన్నదమ్ములకు అంగీ ఒక్కటే ఉన్నట్టుంది. చీటీ రాయించుకు వచ్చిన అన్న గబగబా విప్పుతుంటే, తమ్ముడు అందుకుని తొడుక్కుంటున్నాడు. మూల మీద ఇస్త్రీ బండి మోతీలాల్‌కు తెల్లారకముందు నుంచీ ఊపిరాడలేదట.

"ఏంది గిది? పెండ్లికొచ్చిన్రా?" అన్నాను.

ముందు వరసలో ఉన్న వెంకటేశం లేచాడు. నెల్లికుదురులో కిరాణా కొట్టు ఆయనది. "సత్తవ్వ ఊరూరికి చెప్పింది సిస్టరమ్మా. గా దవాఖానకు పోతే ఇస్త్రీ అంగీ ఏసుకపోవాలె, ఎదురు ఉరికొచ్చి కుర్చీల కూసోబెట్టుకొని, గారూ అని పిలిచి చూస్తరు అన్నది. మల్లేశానికి గట్లనే చేసిన్రట గద?"

దేవేందర్ పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ సత్తమ్మ అబద్ధం ఏం చెప్పింది? తన కళ్ళతో చూసిందే చెప్పింది. మా పనిని హైదరాబాద్ వాళ్ళు ఫైళ్ళతో కొలిచారు. ఆవిడ ఒక్క అంగీతో కొలిచేసింది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. కేకలు వేయకుండా షెడ్డులోకి నడిచాను. ఒక్కొక్కరి ముందూ ఆగాను, ఒక్కొక్కరి ముఖం చూశాను. "నీకేం బాధ? నీకేం బాధ అన్నా? నీకేం బాధ అవ్వా?" దగ్గు. మోకాళ్ళు. జ్వరం. పంటి నొప్పి. అంగీలు నలగకుండా వాళ్ళు జాగ్రత్తగా జవాబులు చెప్పారు.

చివరికి, షెడ్డు బయట, సైకిళ్ళ వెనక ఒక మనిషి. బనియను, మెడలో తువ్వాలు. గోడకు తల ఆనించి ఎండలోనే కూర్చున్నాడు.

"నీడకు రాక గీడ కూసున్నవేంది కాకా?" అన్నాను.

"మా ఇంట్ల తెల్లంగీ లేదమ్మా," అన్నాడు. "అందరి ఎనుక పోదామని కూసున్న."

అతని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. నుదురు ముట్టుకున్నాను. ఎండలో కూర్చున్న మనిషి, నుదురు మాత్రం చల్లగా ఉంది, తడిగా ఉంది.

"చెయ్యి గుంజుతుందా?"

చెప్పడానికి సిగ్గుపడి, కాసేపు నేల చూశాడు. "పొద్దుగాల సంది గుంజుతుంది," అన్నాడు.

"దేవేందర్! నొక్కు!"

వాడు అప్పటికే నొక్కేశాడు, కుర్చీతో పరుగెత్తుకు వస్తున్నాడు. ఇతను బృందం పంపిన మనిషేమో అన్న ఆలోచన నాకు ఈసీజీ కాగితం చేతికి వచ్చాక గానీ రాలేదు. అప్పుడైతే అతని చంకల్లో చేతులు వేసి లేపుతున్నాను. తెల్లంగీలన్నీ ఒక్కసారిగా లేచి, రెండు పక్కలకూ జరిగి, మాకు దారి ఇచ్చాయి.